ఒక సైడా, రెండు సైడ్లా

అశోక్‌నగర్ చౌరస్తా దాటినంక
మూడో గల్లీల నా జిరాక్సు దుకాణం.
పదిహేడేండ్ల సంది వచ్చినోళ్లందర్నీ
ఒక్కటే అడుగుతున్న:
"ఒక సైడా, రెండు సైడ్లా?"

అప్పట్ల రాత్రి పదకొండుకు గూడ లైనుండేది.
చేతిరాత నోట్సులు, ఎవరివో తెల్వదు,
మార్జిన్ల ఒక పేరు గీకేసి ఉండేది.
ఎవని చాయ్ మరకనో కాపీల నల్లగ పడి
ఆ ఏడు పరీక్ష రాసిన వందలమంది
అదే మరక మీద పంచాయతీరాజ్ చదివిండ్రు.

తర్వాత నోట్సులన్నీ ఫోన్లకెక్కినయి.
గ్రూపుల ఒకడు పెడ్తడు, నలభై వేలమంది తీస్కుంటరు.
నా మిషన్ల డ్రమ్ము చల్లవడ్డది.
కోపమొచ్చిందా అంటే, వచ్చింది.
కాని ఆత్రం దేవుబాయి అని ఒక పిల్ల,
ఉట్నూరు అవతలి నుంచి వచ్చింది,
కోచింగు ఫీజు గట్టే తాహతు లేదు.
సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద కూసొని
ఎవరో ఖమ్మం సారు చెప్పే పాఠం వినేది.
ఒక చెవి ఆమెది, ఇంకో చెవి దోస్తుది.
ఒక్క ఇయర్‌ఫోను, ఇద్దరు పిల్లలు, నడుమ ఆర్థిక సంఘం.
దానికి నేనేం అడ్డం చెప్త?

నిమజ్జనమయిన మూడో నాడు రాత్రి
పరీక్ష వాయిదా అని ఒక కాయితం ఫొటో తిరిగింది.
ముద్ర ఉంది, సంతకం ఉంది, తారీఖుంది.
పది గొట్టేసరికి గల్లీ గల్లీల ఈలలు.
మిగిలిన పటాకలు కాల్చిండ్రు.
హాస్టళ్లల్ల సంచులు సదిరి
జేబీఎస్‌కు ఆటోలు మాట్లాడుకున్నరు.

ప్రింటు గొట్టమని నాకు చూపిచ్చిండ్రు.
నేను చదివింది పదో తరగతి.
కాని కాయితం సంగతి నాకెర్క.
ముద్ర అక్షరాల మీద పడాలె,
ఇది అక్షరాల కింద ఉంది.
"ఇది అతుకులది బిడ్డా" అన్న.
నలభై వేలమంది ఒక దిక్కు,
జిరాక్సాయన ఒక దిక్కు. ఎవడింటడు?

దేవుబాయి విన్నది.
రెండేళ్లతోని ఫొటో పెద్దగ జేసి
ఎర్ర గీత గీసి గ్రూపుల పెట్టింది:
"ఈడ చూడుండ్రి."
తిట్లు వడ్డయి. ఎంతిచ్చిండ్రని అడిగిండ్రు,
రిజర్వేషన్ తీసిండ్రు, తల్లిని తీసిండ్రు.
ఏడ్వలేదంటే అబద్ధం.
స్కానర్ మూత మీద చెయ్యి వెట్టి నిలవడ్డది,
ఆ చెయ్యి వేడికి అద్దం మీద ఆవిరి.
ఒంటిగంటకు ఎవడో రాసిండు, "నిజమే గదా."
సిద్దిపేట కాడ బస్సు దిగి
కొందరు వాపస్ వచ్చిండ్రు.
కొందరు రాలే.
వాళ్ల హాల్‌టికెట్లు ఇంకా నా కంప్యూటర్లనే ఉన్నయి,
తీసెయ్య మనసొప్పదు.

ఇంత చెప్పిన గాని, నాదొకటుంది.
పిల్లల్నెత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని
ఒక ఎండకాలం నాకో మెసేజ్ వచ్చింది.
మా బస్తీ గ్రూపుకు పంపిన,
అక్కకు పంపిన, బావమర్దికి పంపిన.
తెల్లారి రాంనగర్‌ల
దుప్పట్లమ్మే మనిషిని స్తంభానికి గట్టి కొట్టిండ్రు.
నేను పంపిందే వాళ్లు చదివిండ్రో లేదో, తెల్వదు.
ఆ తెల్వకపోవుడే ఇంకా గుచ్చుతది.
దినాం నూటికి నూరుమందిని అడిగేటోన్ని,
ఆ పొద్దు నా బొటనవేలిని అడగలే,
ఒక సైడా, రెండు సైడ్లా అని.

నిన్న దేవుబాయి వచ్చింది.
సమాచార హక్కు దరఖాస్తు:
ఖాళీలెన్ని, నింపినయెన్ని, ఎందుకాగినయి.
నమూనా గ్రూపుల దొరికిందట,
అప్పుడు తిట్టినోళ్లల్ల ఒకడే పంపిండట.
రెండు కాపీలు,
ఒకటి ఆఫీసుల ఇచ్చెటందుకు,
ఒకటి ముద్ర ఏయించుకునెటందుకు.
"అక్షరాల మీదనే ఏయించుకుంట కాకా" అని నవ్వింది.

నాలుగు రూపాయలు. చిల్లర లేదని ఫోన్ల పంపింది.
ముట్టినయని డబ్బా గట్టిగ చెప్పింది.
నమ్మిన.
అయినా ఒకపారి తీసి చూసుకున్న.